దేశంలో రెండు ప్రాంతాల మధ్య యుద్ధం అసలు ఏ రోజు మొదలవుతుంది?

హన్మకొండ సార్
డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. మొన్న ఫైనలియర్ క్లాసులో అంతర్యుద్ధాల పాఠం. అమెరికాను ముందు పెట్టుకొని బోర్డు మీద కారణాలు రాశాను. ప్రాంతాల మధ్య ఆర్థిక తేడా, ఉద్యోగాల గొడవ, పన్నుల సొమ్ము ఎవరికి ఖర్చవుతోందన్న అనుమానం, చట్టసభలో మన బలం ఎప్పటికీ తక్కువేనన్న భయం, యాసను వెక్కిరించడం, నాయకుల మాటలు. నర్సంపేట నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి లేచి, "సార్, బానిసత్వం ఒక్కటి తీసేస్తే మిగతావన్నీ మన దగ్గర 1956 నుంచి ఉన్నయి కదా. మరి మనకెందుకు యుద్ధం రాలే?" అంది.

మనది ప్రజాస్వామ్యం కాబట్టి అన్నాను. బెల్లు కొట్టారు. బయటికైతే వచ్చాను కానీ ఆ జవాబు నాకే నచ్చలేదు. శ్రీలంకలో కూడా ఎన్నికలు సక్రమంగానే జరిగేవి. పాకిస్తాన్‌లోనైతే యుద్ధం వచ్చిందే ఎన్నికల తర్వాత. కోపం ఉన్న ప్రతిచోటా యుద్ధం రాదు. వచ్చిన చోట అది ఏ రోజు మొదలవుతుంది? ఇక్కడ దేశాలు తిరిగినవాళ్ళు, ఉద్యమాలు చూసినవాళ్ళు ఉన్నారు. పుస్తకాల్లో ఉన్నది కాకుండా, మీకు తెలిసింది చెప్పండి. సోమవారం ఆ పిల్లకు సరైన జవాబు ఇవ్వాలి.

గ్రూప్స్ ప్రిపరేషన్
1861 ఏప్రిల్ 12, అమెరికాలో సమ్టర్ కోట మీద దాడి. ప్రతి టెస్ట్ సిరీస్‌లో ఈ బిట్ ఉంటుంది సార్.

హన్మకొండ సార్
ఆ బిట్ నేనే చాలాసార్లు ఇచ్చాను తమ్ముడూ. ఆ కోట మీద 34 గంటలు ఫిరంగులు పేల్చారు, ఆ పోరులో ఒక్క ప్రాణం పోలేదు. తర్వాతి నాలుగేళ్ళలో ఆరు లక్షలకు పైగా పోయారు. ఎవరూ చావని రోజును మొదటి రోజు అని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. అంతకు ముందే, 1860 డిసెంబర్ 20న దక్షిణ కరోలినా విడిపోతున్నానని తీర్మానం చేసేసింది. దానికి నెలన్నర ముందు లింకన్ గెలిచాడు. దక్షిణాన పది రాష్ట్రాల్లో ఆయన పేరు మీద బ్యాలెట్టే లేదు. అంటే ఓట్లు వేసే రోజుకే దేశం రెండుగా ఉందన్నట్టు కదా?

ఎనుమాముల పత్తి
మూడు తరాలుగా పత్తి బేరం మాది. నాకు తెలిసి ఇదంతా డబ్బు గొడవ సార్. దక్షిణాన పత్తి, ఉత్తరాన మిల్లులు. ఉత్తరం వాళ్ళు సుంకాలు పెంచారు, దక్షిణం వాళ్ళకు మండింది. మిగతావన్నీ పైపూత.

కాజీపేట జంక్షన్
పత్తి సేఠ్, ఇది ఒప్పుకోను. 1860 లెక్కల్లో అక్కడ దాదాపు 40 లక్షల మంది బానిసలు. మిసిసిపీ రాష్ట్రం విడిపోతూ రాసుకున్న ప్రకటనలో మొదట్లోనే, మా బతుకు బానిసత్వంతో ముడిపడి ఉందని వాళ్ళ చేత్తో వాళ్ళే రాసుకున్నారు. 1861 మార్చిలో విడిపోయిన దక్షిణ రాష్ట్రాల ఉపాధ్యక్షుడు స్టీఫెన్స్, నల్లవాళ్ళు తక్కువ జాతి అన్నదే మా ప్రభుత్వానికి మూలరాయి అని ఉపన్యాసమిచ్చాడు. సుంకాల మాట యుద్ధం ఓడిపోయాక ముందుకు తెచ్చుకున్నది. మనుషుల్ని అమ్ముకునే హక్కు కోసం దిగిన యుద్ధాన్ని సుంకాల ఖాతాలో రాయొద్దు.

ఎనుమాముల పత్తి
సరే కాకా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ పత్తికి ధర ఉన్నన్నాళ్ళే ఆ మనుషులకూ ధర కట్టారు, అది కూడా చూడాలి. ఆ యుద్ధంలో అమెరికా పత్తి ఆగిపోతే లాంకషైర్ మిల్లులు బొంబాయి పత్తి కోసం ఎగబడ్డాయి. మన పక్క బేరార్ పత్తికి ముందెన్నడూ లేని ధర. 1865లో యుద్ధం ఆగంగనే ధర కూలి బొంబాయిలో పెద్ద పెద్ద సేఠ్‌లు దివాళా తీశారు.

ఇంకో మాట. మా యార్డులో జెండా పాట ధర అకస్మాత్తుగా పడిపోయిన రోజు చూడాలి. రైతులు కాంటాలు ఆపేస్తారు, ఆఫీసు అద్దాలు పగులుతాయి, మేము షట్టర్లు దించుకుంటాం. తెల్లారి అదే రైతు అదే అడ్తి దగ్గరికి వస్తాడు. ఇద్దరికీ వేరే దారి లేదు. ఆ "తెల్లారి మళ్ళీ మొఖాలు చూసుకోవాలె" అన్నది ఉన్నంత కాలం అద్దాలు పగిలినా యుద్ధం రాదని నా నమ్మకం.

మోడరేటర్
మంచి చర్చ. ఇప్పటి పార్టీల తిట్లు మాత్రం ఇక్కడికి తేకండి. ఒక పోస్టు తీసేశాను, ఎవరిదో వారికి తెలుసు.

మానుకోట పోరడు
పత్తి అన్నా, తెల్లారి మళ్ళీ మొఖాలు చూసుకునేది బేరం ఉన్నోళ్ళకు. బేరమే లేని పోరగాళ్ళ సంగతి?

పల్టన్ కరీంనగర్
నేను ఫౌజులో హవల్దార్‌గా రిటైరయ్యాను. 1987లో మన శాంతి సేన శ్రీలంక పోయినప్పుడు జాఫ్నాలో ఉన్నాను. మా చెక్‌పోస్టుకు నాలుగిళ్ళ అవతల ఒక పెద్దాయన, రిటైరైన బడిపంతులు. నాకు వచ్చిన అరకొర తమిళం, ఆయనకు వచ్చిన ఇంగ్లీషు కలిపి మాట్లాడుకునేవాళ్ళం. మా మీద ఆ ఊరికి ప్రేమేమీ లేదు, అది దాచను. అయినా ఆయన మాట్లాడేవాడు.

ఒక రోజు మంచం కింద నుంచి ఇనుప పెట్టె లాగి చూపించాడు. నిండా కార్బన్ కాపీలు. అర్జీలు. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం వచ్చినప్పటి నుంచి రాసినవి. తపాలా ఆఫీసులో ఫారాలు తమిళంలో లేవని ఒకటి. కొడుకుకు మార్కులున్నా మెడికల్ సీటు రాలేదని ఇంకొకటి, ఎందుకంటే 70ల్లో తమిళ మీడియం పిల్లలకు ఎక్కువ మార్కులు రావాలన్న పద్ధతి పెట్టారు. 1957లో ప్రధాని బండారనాయకే, తమిళుల నాయకుడు చెల్వనాయకం ఒప్పందం రాసుకున్నారు. అది చూసి ఈయన పెట్టెకు తాళం వేసేశాడట, ఇక అవసరం లేదని. మరుసటి ఏడు భిక్షువులు ప్రధాని ఇంటి ముందు కూర్చుంటే ఒప్పందం రద్దు. మళ్ళీ పెట్టె తెరిచాడు. 1981లో జాఫ్నా గ్రంథాలయం తగలబెట్టారు, దాదాపు 97 వేల పుస్తకాలు. దాని మీద కూడా అర్జీ రాయడానికి కూర్చున్నాడు.

అప్పుడు కొడుకు పక్కన నిలబడి, "నాన్నా, ఇంకో అర్జీ రాయకు" అన్నాడట. కోపంగా కూడా కాదు, మెల్లగా. కొన్ని నెలలకు ఇల్లు విడిచి పోయాడు. పుస్తకాల్లో యుద్ధం 1983 జూలై అని ఉంటుంది సార్, 13 మంది సైనికులను చంపడం, కొలంబోలో తమిళుల ఇళ్ళు తగలబెట్టడం. ఆ పెద్దాయన లెక్కలో మాత్రం ఆ కాగితం పక్కన పెట్టిన రోజే.

కాజీపేట జంక్షన్
ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఎందుకంటే ఆ పెట్టె మా ఇంట్లో కూడా ఉండేది.

మా నాయిన గుమస్తా. 1952లో వరంగల్‌లో ముల్కీ గొడవ, అంటే స్థానికులకే ఉద్యోగాలన్న గొడవ, మొదలైనప్పటి నుంచి కాగితాలు దాచాడు. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉప ముఖ్యమంత్రి ఇంకో ప్రాంతం వాడు ఉండాలని అందులో రాసుకున్నారు. నవంబర్‌లో రాష్ట్రం ఏర్పడితే మొదటి రోజే ఆ కుర్చీ లేదు. సంజీవరెడ్డి గారు దాన్ని ఆరో వేలు అన్నారు. కొత్తగూడెం థర్మల్ స్టేషన్ ఉద్యోగాల దగ్గర నిప్పు అంటుకొని 1969 వచ్చింది. నాకు 18 ఏళ్ళు. ఏడాది చదువు పోయింది. మూడొందల డెబ్బై మంది దాకా చనిపోయారని చెప్పుకుంటాం. మా నాయినతో నేనూ అదే మాట అన్నాను. ఇంకా ఎవరికి రాస్తున్నావని.

తేడా ఎక్కడ వచ్చిందో చెప్తా. 1971 ఎన్నికల్లో ప్రత్యేక రాష్ట్రం అడిగిన తెలంగాణ ప్రజా సమితికి తెలంగాణలోని 14 ఎంపీ సీట్లలో 10 వచ్చాయి. ఆ రాత్రి మా నాయిన పెట్టెలోంచి తెల్ల కాగితం తీశాడు. నేను వద్దనలేదు. తర్వాత ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది, మళ్ళీ మోసపోయామనుకున్నాం, అది వేరే దుఃఖం. కానీ ఆ పదిమంది గెలవకుండా ఉంటే నేను ఏ దారిన పోయేవాడినో నాకే తెలియదు.

గ్రూప్స్ ప్రిపరేషన్
అదే ఏడు అటు పక్క చూడండి కాకా. 1970 డిసెంబర్‌లో తూర్పు పాకిస్తాన్‌లో 162 సీట్లకు 160 అక్కడి అవామీ లీగ్ పార్టీ గెలిచింది. మొత్తం 300 సీట్ల సభలో సొంత మెజారిటీ. అర్జీ పెట్టుకోవాల్సిన పని లేదు, అధికారమే వాళ్ళది. 1971 మార్చి 1న సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ సభను వాయిదా వేశాడు.

కాజీపేట జంక్షన్
ఆ రోజు ఢాకా స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ నడుస్తోంది. ట్రాన్సిస్టర్లలో వాయిదా వార్త వినగానే జనం ఆట వదిలేసి రోడ్ల మీదికి వచ్చేశారు. మార్చి 25 రాత్రి సైన్యం దిగింది. అంటే గెలిచినా తలుపు తీయరని తెలిసిన రోజు మార్చి 1. మన 2009 డిసెంబర్ 23 నాకు సరిగ్గా అట్లనే అనిపించింది. 9న ఢిల్లీ వాళ్ళు తెలంగాణ ఇస్తున్నామన్నారు, పద్నాలుగు రోజులకు మాట మార్చారు. నేను ఆ రాత్రి టీవీ ముందు కూర్చొని 1971 మార్చినే తలుచుకున్నా.

మానుకోట పోరడు
కాకా చెప్పింది నిజం. దాని తర్వాతే మా ఊళ్ళో జరిగింది. 2010 మే 28. నాకు 19. మానుకోట (మహబూబాబాద్) స్టేషన్‌లో మేము వందల మందిమి. చేతుల్లో పట్టాల మీది కంకర. అటు వైపు నుంచి తుపాకులు పేలాయి. నా పక్కన ఉన్న మనిషి కాలికి తగిలింది. బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకొని దవాఖానకు తీసుకుపోయినం. ఆయన చెప్పు ఒకటి పట్టాల మీదనే ఉండిపోయింది, అదొక్కటే నాకు ఇప్పటికీ కనపడుతుంది.

ఆ రాత్రి మా గల్లీలో అరుగు మీద కూర్చున్నప్పుడు ఒకడు అన్నాడు, "వాళ్ళ చేతుల్ల తుపాకులుంటె మన చేతుల్ల కంకరేనా?" అని. ఎవరూ మాట్లాడలేదు. వద్దు అని కూడా ఎవరూ అనలేదు. సార్ అడిగిన ఆ రోజు మా ఊరికి అంత దగ్గరగా వచ్చిపోయింది.

రెండు నెలల్లో ఉప ఎన్నికలు. ఉద్యమం కోసం రాజీనామా చేసిన వాళ్ళ 12 సీట్లు, వరంగల్ వెస్ట్ కూడా ఉంది. ఆ మాట అన్నవాడే జెండా పట్టుకొని హన్మకొండ గల్లీలన్నీ తిరిగాడు. 11 టీఆర్ఎస్, 1 బీజేపీ, అన్నీ ఉద్యమం వైపే. లెక్కింపు రోజు వాడు ఏడ్చాడు.

ఎనుమాముల పత్తి
తమ్మీ, ఇందాక బేరం లేని పోరగాళ్ళ సంగతేంది అన్నావు. జవాబు నువ్వే రాసినవు.

జగిత్యాల గల్ఫ్
అర్జీలు, ఎన్నికలు అన్నీ సరే. నేను చూసింది వేరు. లిబియా, బెంఘాజీ, 2011 ఫిబ్రవరి. షట్టరింగ్ పని. అక్కడ తూర్పు వాళ్ళకు పడమటి ట్రిపోలీ మీద ఎప్పటి నుంచో మంట. నూనె మా దిక్కు, పైసలు వాళ్ళ దిక్కు అని టీ కొట్టులో కూడా అనేవాళ్ళు, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి.

మా క్యాంపు గేటు దగ్గర రోజూ ఒక పోలీసాయన కుర్చీ వేసుకొని కూర్చునేవాడు. మాకు సలాం చెప్పేవాడు, చాయ్ తాగితే మాకూ పోయించేవాడు. గొడవలు మొదలైన రెండు మూడు రోజులకు పొద్దున లేచి చూస్తే కుర్చీ ఉంది, కుర్చీ మీద మడత పెట్టిన యూనిఫాం చొక్కా ఉంది, మనిషి లేడు. సాయంత్రం కనిపించాడు. మామూలు చొక్కా, చేతిలో తుపాకీ. 20వ తారీఖుకల్లా ఊళ్ళో ఉన్న పెద్ద బ్యారక్స్ పడిపోయింది. మమ్మల్ని ఓడలో అలెగ్జాండ్రియా చేర్చారు.

నన్ను అడిగితే యుద్ధం మొదలయ్యేది పోలీసాయన చొక్కా మడత పెట్టిన రోజు. మనుషులు కొట్టుకోవడం ఎక్కడైనా ఉంటుంది. మధ్యలో నిలబడేవాడు తను ఎవరి మనిషో తేల్చుకున్నాడంటే ఇక ఆపేవాడు లేడు.

గ్రూప్స్ ప్రిపరేషన్
ఇది నైజీరియాకు అచ్చంగా సరిపోతుంది అన్నా. 1966లో జనవరిలో ఒక సైనిక కుట్ర, జూలైలో దానికి ఎదురు కుట్ర. ఉత్తరాన వేల మంది ఇగ్బోలను, అంటే తూర్పు ప్రాంతం జాతి వాళ్ళను, చంపారు. సైనికులను ఎవరి ప్రాంతానికి వాళ్ళను పంపేశారు. అంటే ఒకే సైన్యం ఊళ్ళ వారీగా విడిపోయింది. 1967 జనవరిలో ఘనాలోని అబూరిలో కూర్చొని దేశాన్ని ఏలే సైనికాధికారి గోవాన్, తూర్పు ప్రాంతాన్ని ఏలే ఒజుక్వు ఒప్పందం చేసుకున్నారు. తిరిగొచ్చి ఎవరి అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. మే 27న గోవాన్ దేశాన్ని 12 రాష్ట్రాలు చేశాడు, మే 30న ఒజుక్వు బియాఫ్రా ప్రకటించాడు, జూలై 6న యుద్ధం. 1970 జనవరి దాకా ఆకలితో పిల్లలు చచ్చిపోయారు.

హన్మకొండ సార్
తమ్ముడూ, బిట్ల మధ్యలో ఇంత చదివావా! ఇది క్లాసులో చెప్తాను.

గల్ఫ్ అన్న మాటకు యెమెన్ కూడా కలుపుతాను. 1990 మేలో ఉత్తరం, దక్షిణం కలిసిపోయి ఒకే దేశం అయ్యాయి, జెండా ఒకటే, పార్లమెంటు ఒకటే. సైన్యాలు రెండూ మాత్రం కలవలేదు. నాలుగేళ్ళకు, 1994లో, ఆ రెండు సైన్యాలే కొట్టుకున్నాయి. మన దగ్గర 1956లో కలిసిన రెండు ప్రాంతాలకూ సొంత సైన్యం లేదు. తుపాకీ ఢిల్లీది. అది అటూ కాదు, ఇటూ కాదు.

పల్టన్ కరీంనగర్
సార్, ఇక్కడ నేను అడ్డం పడతాను. తుపాకీ ఎక్కడి నుంచైనా వస్తుంది. జాఫ్నా పిల్లల దగ్గర మొదట్లో ఏముంది? పాత రివాల్వర్లు. 1983 తర్వాత వాళ్ళకు శిక్షణ, ఆయుధాలు ఇచ్చింది మన దేశమే, ఇది లోకానికంతా తెలిసిందే. నాలుగేళ్ళకు అవే తుపాకులు మా మీదికి తిరిగాయి. శాంతి సేనలో వెయ్యి మందికి పైగా రాలేదు తిరిగి. పక్క దేశం తలుచుకుంటే నెలల్లో సైన్యం తయారవుతుంది.

కాజీపేట జంక్షన్
అదీ కాక, ఉత్తర తెలంగాణలో తుపాకులు లేవని ఎవరన్నారు? 1946 నుంచి 51 దాకా సాయుధ పోరాటం మన ఊళ్ళల్లోనే. 80లు, 90లు మళ్ళీ అడవుల్లో అన్నలు. రాత్రి ఒకరు అన్నం అడిగితే పొద్దున ఇంకొకరు వచ్చి ఎందుకు పెట్టావని కొట్టిన ఊళ్ళివి. తుపాకీ ఉంది, పట్టినవాళ్ళూ ఉన్నారు. అది దొర మీదికీ పోలీసు మీదికీ పోయింది గాని పక్కింటి గుంటూరాయన మీదికి పోలేదు. ఎందుకో ఆలోచించండి.

గుంటూరు టు ఓరుగల్లు
ఆ పక్కింటి గుంటూరాయన్ని నేనే. 1984లో ఉద్యోగం కోసం వచ్చాను, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాను, పిల్లలు ఇక్కడే పుట్టారు.

కాకా మీద గౌరవంతోనే చెప్తున్నాను. యుద్ధం రాలేదంటే మాకు భయం లేదని కాదు. సుబేదారి దగ్గర మేము తినే ఆంధ్రా మెస్ బోర్డు మీద 2010లో ఒక రాత్రి మొదటి రెండు అక్షరాల మీద సున్నం పూశారు. మర్నాడు పొద్దున "మెస్" అని మాత్రమే ఉంది. ఓనరు ఏమీ అనలేదు, ఇడ్లీలు వేస్తూనే ఉన్నాడు. మా ఆవిడ ఆ నెల పిల్లలను కాలేజీకి పంపేటప్పుడు, బస్సులో ఫోను వస్తే మన యాసలో గట్టిగా మాట్లాడకండి అని చెప్పేది. ఒక తల్లి అలా చెప్పాల్సి రావడం చిన్న విషయం కాదు.

సకల జనుల సమ్మె అప్పుడు, 42 రోజులు, మా ఎదురింటాయన పొద్దున ర్యాలీకి పోయి నినాదాలిచ్చి సాయంత్రం గొంతు పోయి వచ్చేవాడు. రాత్రి గేటు దగ్గర నిలబడి ఆ పోయిన గొంతుతోనే, "ఊరికి పోయెటట్టుంటే తాళంచెయ్యి నాకిచ్చి పోండ్రి, ఇల్లు నేను చూస్కుంట" అనేవాడు. రెండూ నిజమే. సున్నం పూసింది కూడా మా వాడ పిల్లలే.

లక్నవరం అక్క
అన్నా, ఆ సున్నం సంగతి చదివి బాధ అయింది. బస్సుల్లో మా యాసను వెక్కిరిస్తే మేము కూడా నోరు మూసుకొనే పెరిగినం. అయినా అది దానికి జవాబు కాదు.

పల్టన్ కరీంనగర్
గుంటూరు సార్, 1983లో కొలంబోలో గుంపులు వచ్చినప్పుడు వాళ్ళ చేతుల్లో ఓటర్ల జాబితాలు ఉన్నాయి. ఏ ఇంట్లో తమిళులున్నారో చూసుకొని మరీ వచ్చారు. జాబితా రాసేవాడు ప్రభుత్వం మనిషి. అక్కడే అంతా ఉంది.

గుంటూరు టు ఓరుగల్లు
ఆ మాట అప్పట్లో మాలో చాలామందికి తెలుసు. అందుకే 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే పెట్టినప్పుడు రాత్రంతా నిద్ర లేదు. ఎవరెక్కడి వాళ్ళో రాసుకుంటున్నారని ప్రచారం. పొద్దున ఒక టీచరమ్మ వచ్చింది, ఎండలో చెమటలు కక్కుతూ. గ్యాస్ కనెక్షన్ ఉందా, బ్యాంకు ఖాతా ఉందా అని అడిగింది, మంచినీళ్ళు తాగింది, పక్కింటికి పోయింది. అంతే. ఆమె గేటు వేసి పోతుంటే నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

ఆర్ఈసీ 94
ఇప్పుడు వియన్నాలో ఉంటాను. నా ఆఫీసులో క్రొయేషియా నుంచి వచ్చిన సెర్బు ఒకాయన ఉన్నాడు, క్నిన్ ఊరు. 1990 ఆగస్టులో ఆ ప్రాంతం సెర్బులు చెట్ల దుంగలు రోడ్లకు అడ్డం వేశారు. ఆయనకు అప్పుడు 14. దుంగలు మోసాడు. మన రాస్తారోకో గురించి చెప్తే ఆయన ఒకటే అడిగాడు, "మీ వాళ్ళు సాయంత్రం దుంగ తీసేశారా?" అని. తీసేశారన్నాను. ఆ దుంగల మధ్యే వంటావార్పు అని పొయ్యి పెట్టి ఆగిన బస్సుల్లో వాళ్ళకు కూడా అన్నం పెట్టేవాళ్ళని చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. వాళ్ళ దుంగలు తీయడానికి క్రొయేషియా పోలీసులు హెలికాప్టర్లలో వస్తే యుగోస్లావియా ఫెడరల్ యుద్ధ విమానాలు వెనక్కి తరిమాయి. ఆ దుంగ ఉన్న చోటే సరిహద్దు అయింది. మరుసటి ఏడు యుద్ధం.

అదే ఏళ్ళల్లో పక్కనే చెకోస్లొవేకియా 1993 జనవరి 1న గొడవ లేకుండా రెండు దేశాలైంది. విడిపోవడం వల్లనే యుద్ధం వస్తుందనేవాళ్ళకు అది చూపిస్తాను.

కాజీపేట జంక్షన్
దుంగ మాట బాగా చెప్పావు బిడ్డా. తీసే దుంగ, తీయని దుంగ.

మానుకోట పోరడు
మొత్తానికి మనోళ్ళు గొప్పోళ్ళు. ఎవ్వరినీ చంపలేదు, తెచ్చుకున్నారు.

లక్నవరం అక్క
తమ్మీ, ఆ మాట అంత తేలిగ్గా అనకు. ఎవరినీ చంపలేదు, నిజమే. శ్రీకాంతాచారి తర్వాత ఎంతమంది పిల్లలు వాళ్ళను వాళ్ళు చంపుకున్నరు? మా ఇంట్లో ఒక ఫొటోకు దండ ఉంది. మా అక్క కొడుకు, ఇంటర్ చదివేవాడు. రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా పటాకులు కాలిస్తే మా అక్క తలుపు వేసుకుంది. వాడు అర్జీ ఆపేసిన కొడుకే. కోపం బయటికి పోలేదు, లోపలికి పోయింది. యుద్ధం రాలేదని సంబరపడేటప్పుడు వాళ్ళను లెక్కలో నుంచి తీసేయకండి. వాళ్ళు త్యాగం చేశారు అని స్తూపం కడితే సరిపోదు. వాళ్ళు బతికి ఉండాల్సినోళ్ళు.

మానుకోట పోరడు
అక్కా, తప్పుగా అన్నాను. మనసులో పెట్టుకోకు.

లక్నవరం అక్క
నీ మీద కోపం లేదురా. నువ్వు బతికి ఉన్నవు, అదే చాలు.

హన్మకొండ సార్
అక్క రాసింది చదివాక నా బోర్డు మీది కారణాల్లో ఏదో పెద్దది తప్పిపోయిందని అర్థమైంది. ఢిల్లీ మాట మార్చిన రెండుసార్లూ, 1969 తర్వాతా 2009 తర్వాతా, దాని ఖరీదు కట్టింది పిల్లలే. దేశం విరగలేదు కానీ ఇళ్ళు విరిగాయి. దీన్ని "ప్రజాస్వామ్యం కాపాడింది" అని ఒక్క వాక్యంలో చెప్పి బయటికి రావడం నా తప్పు.

సోమవారం మీ అందరివీ చెప్తాను, పేర్లు లేకుండా. పంతులుగారి కార్బన్ కాపీలు, గేటు దగ్గర కుర్చీ మీది చొక్కా, తీయని దుంగ. ఏ రోజు అని ఆ పిల్ల మళ్ళీ అడిగితే ఈ మూడింటి మధ్య నేను ఒకటి ఎంచుకోలేను. కానీ నాకు మనసులో పంతులుగారి కొడుకే ముందు వస్తున్నాడు. చొక్కా మడత పెట్టిన పోలీసు కూడా ఎవరో ఒకరి కొడుకే, వాళ్ళింట్లో ఎవరో ఒకరు ఎప్పుడో రాయడం మానేసే ఉంటారు.

జగిత్యాల గల్ఫ్
ఉండొచ్చు సార్. ఆయన తండ్రి గురించి నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగి ఉండాల్సింది అనిపిస్తోంది.

పల్టన్ కరీంనగర్
ఆ పంతులుగారు మేము 1990లో వచ్చేసేటప్పుడు బతికే ఉన్నారు. కొడుకు రాలేదు. పెట్టె మంచం కిందే ఉంది.

గ్రూప్స్ ప్రిపరేషన్
గుంటూరు అంకుల్, ఒకటి అడగనా? ఆ మెస్ బోర్డు మీద సున్నం ఎప్పుడు తీశారు?

గుంటూరు టు ఓరుగల్లు
ఎవరూ తీయలేదు బాబూ. రెండు వానాకాలాలకు దానంతట అదే పోయింది. తర్వాత ఓనరు కొత్త బోర్డు రాయించాడు, మళ్ళీ ఆంధ్రా మెస్ అనే. రాసింది మా వాడ పిల్లాడే, బ్రష్ పని నేర్చుకున్నాడు. శుక్రవారం గోంగూర పప్పు ఉంటుంది. సార్, కాకా ఇద్దరూ వస్తామంటే ఒంటి గంటకు నేను అక్కడ ఉంటాను.

కాజీపేట జంక్షన్
వస్తా. గోంగూర అంటే మాత్రం మన పుంటికూర అని ఆయనతో ఒకసారి చెప్పాలి.